విలన్ అంటే రైతు

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ఈ మైకును నేను పెద్దగా నమ్మను.

ఇవాళ చెప్పబోయేది ఇంగ్లండు పల్లెటూళ్ల సంగతి. 1066లో అక్కడ రాజవంశం మారింది. మారాక ఊళ్లో రైతుకేమైంది అన్నది విషయం. పొద్దున బయల్దేరేటప్పుడు ఇంట్లో ఈ మాట చెబితే, "ఏమవుతుంది? ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజం చెప్పాలంటే చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. రాజులు వస్తారు, పోతారు, ఎద్దుకు గడ్డి, మనిషికి గంజి మామూలే అని. ఆ అభిప్రాయాన్ని కదిలించింది ఏల్రిక్ అనే ఒక రైతు. ఆయన గురించి మిగిలినవి నాలుగు ముక్కలే. ఆయన దగ్గరికి కాసేపట్లో వస్తాను.

యుద్ధం కథ త్వరగా ముగించేస్తాను. 1066 జనవరి 5న ఎడ్వర్డ్ రాజు పిల్లల్లేకుండా చనిపోయాడు. మర్నాడే హెరాల్డ్ అనే ఎర్ల్, అంటే రాజు కింద పెద్ద దొర, పట్టం కట్టుకున్నాడు. సముద్రానికి అవతల, ఫ్రాన్స్ తీరంలో నార్మండీని ఏలుతున్న విలియం, ఆ సింహాసనం తనకే ఇస్తానని ఎడ్వర్డ్ మాటిచ్చాడంటూ పడవల్లో సైన్యాన్ని దింపాడు. అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్ చచ్చిపోయాడు. క్రిస్మస్ రోజున వెస్ట్‌మినిస్టర్‌లో విలియం పట్టాభిషేకం. గుడి లోపల జనం జేజేలు కొట్టారు. బయట కాపలా ఉన్న నార్మన్ సిపాయిలకు ఆ భాష రాదు. లోపల గొడవ మొదలైందనుకుని చుట్టుపక్కల ఇళ్లకు నిప్పుపెట్టారు. ఇది వాళ్ల పక్షాన రాసిన చరిత్రకారుడే ఒప్పుకున్న సంగతి.

హేస్టింగ్స్ పక్కనే క్రోహర్స్ట్ అనే ఊరుంది. విలియం సైన్యం సెప్టెంబరు 28న దిగింది, యుద్ధం అక్టోబరు 14న. మధ్యలో రెండు వారాల పైన. వేలమంది మనుషులు, గుర్రాలు. వాళ్లేం తిన్నారు? అప్పుడే కోతలై ధాన్యం కొట్టాల్లోకి చేరిన రోజులవి. ఇరవై ఏళ్ల తర్వాత రాసిన లెక్కలో క్రోహర్స్ట్ దగ్గర ఇలా ఉంటుంది: ఎడ్వర్డ్ రాజు కాలంలో ఊరి విలువ, అంటే ఏడాది రాబడి, 8 పౌండ్లు, తర్వాత పాడుబడింది, ఇప్పుడు 100 షిల్లింగులు. అంటే 5 పౌండ్లు. ఇరవై ఏళ్లయినా ఊరు కోలుకోలేదు.

మిగతా దేశానికి మాత్రం యుద్ధం ఒక కబురు. మొదటి మూడు నాలుగేళ్లు చాలా ఊళ్లకు కొత్త రాజు ముఖం తెలీదు, పేరు తెలుసు. ఊరికి తగిలే మార్పు ఒక మెట్టు కిందినుంచి వచ్చింది. దొర మారాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, పాత ఊరెలా ఉండేదో చెప్పాలి. అంతకుముందు అంతా స్వర్ణయుగం, నార్మన్లు వచ్చి చెడగొట్టారు అనే కథ ఒకటి ఇంగ్లండులో వందల ఏళ్లు నడిచింది. దాన్ని నమ్మకండి. పాత ఊళ్లోనూ దొర ఉన్నాడు, అక్కడ థేన్ అనేవాళ్లు. వెట్టీ ఉంది. నార్మన్లు రాకముందు రాసిన ఒక పత్రంలో, దొర ఇచ్చిన భూమి దున్నుకునే రైతు వారానికి రెండు రోజులు దొర పొలంలో పనిచేయాలని, కోతలప్పుడు మూడు రోజులని రాసి ఉంది. ఊళ్లో బానిసలూ ఉండేవారు, అమ్ముడుపోయే బానిసలు. అయితే ఈ రెండు కొసల మధ్య రకరకాల జనం. ముఖ్యంగా తూర్పు జిల్లాల్లో సోక్‌మన్ అనే చిన్న రైతులు వేలల్లో ఉండేవారు. సొంత భూమి, సొంత ఎద్దులు. పెద్దమనిషి ఎవరో ఒకరి పంచాయితీకి లోబడి ఉంటారు గానీ, చాలామంది కావాలంటే తమ భూమి అమ్ముకుని ఇంకోచోటికి పోవచ్చు. అలా పోగలగడమే వాళ్ల గౌరవం.

విలియం భూములెలా పంచాడో చూడండి. కొత్తగా గట్లు గీసి పంచలేదు. ఫలానా థేన్‌కు ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో అవన్నీ మూటగట్టి ఒక నార్మన్ చేతిలో పెట్టాడు. వెనకటి దొర పోయాడు, ఆ స్థానంలో ఈయన. వెనకటాయనకు రావాల్సినవన్నీ ఈయనకు రావాలి. కాగితం మీద ఏమీ మారనట్టే. చిక్కల్లా "వెనకటాయనకు రావాల్సినవి" అన్న మాటలో ఉంది. సోక్‌మన్ ఆ పెద్దమనిషికి మర్యాదకు తలవంచేవాడు. కొత్త దొరకు ఈ తేడాలు తెలియవు, తెలిసినా పట్టించుకోడు. నీకు తలవంచాడంటే నీ మనిషే, నీ మనిషంటే వాడి భూమీ నీదే. ఇలా ఎన్నో ఊళ్లలో ఒక్క దెబ్బ తగలకుండా భూములు చేతులు మారాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1085 క్రిస్మస్‌కు గ్లాస్టర్‌లో విలియం తన సభలో చాలా లోతుగా చర్చించి, దేశమంతా సర్వే చేయించాలని నిర్ణయించాడు. డెన్మార్క్ నుంచి దండయాత్ర వస్తుందన్న భయం ఒకటి, పన్నులు సరిగ్గా రావాలన్న ఆశ ఒకటి. అంతకు రెండేళ్ల ముందే హైడుకు ఆరు షిల్లింగుల చొప్పున భారీ పన్ను వేశాడు. హైడ్ అంటే భూమి కొలత, సుమారు 120 ఎకరాలనుకోండి. 1086లో సర్వే జరిగింది. 13 వేలకు పైగా ఊళ్లు నమోదయ్యాయి. అదే డూమ్స్‌డే బుక్. ఆ పేరు పెట్టింది జనం. ప్రళయం నాడు దేవుడిచ్చే తీర్పు మీద అప్పీలు లేనట్టే ఈ పుస్తకం మీదా లేదని.

ఒక సన్యాసి మఠంలో కూర్చుని ఏటికేడు చరిత్ర రాసుకుంటూ ఈ సర్వే గురించి ఏమన్నాడంటే, ఒక్క ముక్క నేల గానీ, చెప్పుకోవడానికే సిగ్గుచేటు, ఒక్క ఎద్దు, ఒక్క ఆవు, ఒక్క పంది గానీ లెక్కకెక్కకుండా మిగల్లేదు అన్నాడు. నాకు నచ్చేది ఆ సిగ్గు. రాజు పందుల్ని లెక్కపెట్టడం ఆయనకు అసహ్యంగా తోచింది.

సర్వే ఎలా జరిగిందో ఈలీ మఠంవాళ్ల కాగితాల్లో ఉంది. ఊరినుంచి పూజారి, మునసబులాంటి రీవ్, ఇంకో ఆరుగురు రైతులు రావాలి. ప్రమాణం చేసి చెప్పాలి. ఊరి పేరేంటి? ఎడ్వర్డ్ రాజు కాలంలో ఎవరిది, ఇప్పుడెవరిది? ఎన్ని హైడులు? దొర పొలంలో ఎన్ని నాగళ్లు, రైతులవి ఎన్ని? రైతులెందరు, గుడిసెవాళ్లెందరు, బానిసలెందరు, స్వతంత్రులెందరు? అడవెంత, పచ్చిక ఎంత, పిండిమరలెన్ని, చేపల గుంటలెన్ని? మొత్తం విలువ అప్పుడెంత, ఇప్పుడెంత? అన్నీ మూడుసార్లు చెప్పాలి: ఎడ్వర్డ్ నాడు, విలియం ఆ భూమి ఇచ్చిన నాడు, ఇవాళ. చివర్లో ఇంకో ప్రశ్న. ఇప్పుడు వస్తున్నదానికంటే ఎక్కువ రాబట్టొచ్చా?

(నవ్వులు)

నవ్వుతారేం, సర్వేయరు గొలుసు తీస్తే మనకెంత టెన్షనో ఆ ఆరుగురికీ అంతే. వాళ్లు ఇంగ్లీషులో చెబుతారు. అడిగేవాళ్ల నోట ఫ్రెంచి. రాసేది లాటిన్. రైతు నోట్లోంచి వచ్చిన మాట రెండు భాషలు దాటి తోలు కాగితం ఎక్కుతుంది. మధ్యలో ఏం జారిపోతుందో ఎవరు చూడొచ్చారు.

పుస్తకంలో ఇంకో తమాషా. పాతకాలం అంటే "ఎడ్వర్డ్ రాజు బతికి ఉండి, చనిపోయిన రోజు". హెరాల్డ్ తొమ్మిది నెలలు రాజ్యం చేశాడు కదా, ఆ తొమ్మిది నెలలు పుస్తకంలో జరగలేదు. ఇందాక చెప్పిన క్రోహర్స్ట్ హెరాల్డ్ సొంత ఊరే, కానీ అక్కడ ఆయన రాజు కాడు, ఉత్త ఎర్ల్ హెరాల్డ్. వంశం మారడమంటే గెలిచినవాడు గతాన్ని కూడా రీసర్వే చేయిస్తాడన్నమాట.

ఇప్పుడు ఏల్రిక్. బకింగ్‌హామ్‌షైర్‌లో మార్ష్ గిబన్ అనే ఊరు, ఇప్పటికీ ఉంది. ఎడ్వర్డ్ కాలంలో అక్కడి భూమికి ఏల్రిక్ యజమాని. 1086లోనూ ఆ భూమిలో ఏల్రిక్కే ఉన్నాడు. అదే మనిషి, అదే పొలం. యుద్ధంలో చావలేదు, పారిపోలేదు, ఎవరూ తరిమెయ్యలేదు. కానీ ఇప్పుడది విలియం ఫిట్జ్ అన్‌స్కల్ఫ్ అనే కొత్త దొర భూమి, ఏల్రిక్ అందులో కౌలుదారు. తన పొలానికి తానే కౌలు కడుతున్నాడు. గుమాస్తా అంతవరకు రాసి ఆగొచ్చు. వేల ఊళ్ల దగ్గర అలాగే ఆగారు. ఇక్కడ మాత్రం రెండు లాటిన్ మాటలు కలిపాడు: గ్రావితెర్ ఎత్ మిసెరాబిలితెర్. భారంగా, దీనంగా.

రాజుగారి గుమాస్తాలు ఏడుపులు రాసుకోవడానికి తిరగలేదు. వాళ్లకు కావాల్సింది అంకెలు. అంతపెద్ద పుస్తకంలో ఒక మనిషి ఎలా బతుకుతున్నాడో చెప్పే ఇలాంటి మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు సభలో ఎవరో ఈ మాట గట్టిగా అని ఉంటారు, రాసేవాడి చెయ్యి ఆగి ఉండదు, అని నా ఊహ. ఊహేనండి, దీనికి నా దగ్గర సాక్ష్యం లేదు.

ఏల్రిక్ లాంటివాళ్లు ఎంతమంది? కేంబ్రిడ్జ్‌షైర్ జిల్లా చూడండి. 1066లో అక్కడ సుమారు 900 మంది సోక్‌మన్‌లు. 1086లో 200 చిల్లర. మిగతా ఏడొందలమంది చచ్చిపోలేదు. ఎక్కువమంది అక్కడే, అదే ఊళ్లో, ఇంకో పేరు కింద ఉన్నారు. ఆ జిల్లా షెరీఫ్, అంటే రాజుగారి తరఫు అధికారి, పేరు పీకో. కేంబ్రిడ్జ్ పట్నంవాళ్లు సర్వేవాళ్ల ముందు వాపోయిన మాట పుస్తకంలో ఉంది. ఎడ్వర్డ్ నాడు మేం షెరీఫ్‌కు ఏడాదికి మూడుసార్లు నాగళ్లిచ్చేవాళ్లం, ఇప్పుడీయన తొమ్మిదిసార్లు అడుగుతున్నాడు, మా ఊరుమ్మడి పచ్చిక లాక్కున్నాడు, మూడు మరలు కట్టి ఇళ్లు కూలగొట్టాడు అని. ఈలీ సన్యాసులైతే పీకోను ఆకలిగొన్న సింహం, తిరుగుబోతు తోడేలు, జిత్తులమారి నక్క, బురదపంది, సిగ్గులేని కుక్క అంటూ ఒక జూ మొత్తం అప్పజెప్పారు. మఠం భూములు కూడా తిన్నాడు మరి.

"ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదు" అంటాం కదా. అక్కడా కొందరు ఇంగ్లీషు రీవ్‌లు, చిన్నాచితకా అధికారులు చక్కగా నిలదొక్కుకున్నారు. గట్లు, బకాయిలు, ఎవడి ఎద్దు ఎవడిదో తెలిసినవాడు కొత్త దొరకు కావాలి. పై మెట్ల మీద మాత్రం ఇంగ్లీషువాడు దాదాపు మిగల్లేదు. 1086లో నేరుగా రాజు దగ్గర పెద్ద ఎత్తున భూమి పొందిన ఇంగ్లీషువాళ్లుగా గట్టిగా చెప్పుకునేవి రెండు పేర్లు: వార్విక్‌షైర్‌లో ఆర్డెన్ థర్కిల్, లింకన్‌లో కోల్స్‌వేన్.

ఆ ఏడొందలమంది ఏ పేరు కిందికి చేరారన్నాను కదా. ఎక్కువమంది చేరింది విల్లానుస్ అనే గడిలో. ఊరిని విల్లా అంటారు, ఊరివాడు విల్లానుస్. ఫ్రెంచి నోట్లో విలెయిన్. డూమ్స్‌డేలో లెక్కకెక్కిన జనంలో అందరికంటే ఎక్కువ వీళ్లే, పదిమందిలో నలుగురు. మొదట్లో ఈ మాటకు ఉత్త పల్లెటూరి రైతు అనే అర్థం. వందేళ్లు గడిచేసరికి చట్టం దాన్ని బిగించింది. విలెయిన్ స్వతంత్రుడు కాడు, దొర మీద రాజు కోర్టుకు పోవడానికి లేదు. కూతురి పెళ్లి చేస్తే దొరకు రుసుము కట్టాలి. ఇంటి పెద్ద చనిపోతే కొట్టంలో ఉన్నవాటిలో మేలైన పశువును దొర తోలుకుపోతాడు. ఇంట్లో శవం, బయట ఎద్దు పగ్గం విప్పుతున్న దొర మనిషి. ఆ తర్వాత దొరల నోళ్లలో నానినాని ఈ మాటకు మొరటువాడు, నీచుడు అనే అర్థాలొచ్చాయి. అక్కణ్నుంచి నాటకాల్లోకి, నాటకాల్లోంచి సినిమాల్లోకి. మన సినిమా విలన్ ఆ విలెయినే. మన తెరమీద ఊరి భూములు లాక్కునే దొర విలన్. ఆ మాట పుట్టినచోట భూమి పోగొట్టుకున్నవాడు విలన్.

ఇక అందరూ కిందికే జారారా అంటే, లేదు. ఇదే ఈ కథలో మింగుడుపడని ముక్క. 1086లో లెక్కకెక్కినవాళ్లలో పదోవంతు బానిసలు, దాదాపు 28 వేలమంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇంకా ఎక్కువ. రెండు కాలాల లెక్కలూ దొరికే ఎసెక్స్‌లో బానిసల సంఖ్య ఈ ఇరవై ఏళ్లలోనే బాగా తగ్గింది. బ్రిస్టల్ రేవునుంచి ఐర్లండుకు మనుషుల్ని అమ్మేవారు. వూస్టర్ బిషప్పు వుల్ఫ్‌స్టాన్ అక్కడికి పదేపదే పోయి బోధించి ఆ వ్యాపారం మాన్పించాడు. ఆయన ఇంగ్లీషువాడు. కొత్త రాజు ఆయన్ని పదవిలో ఉంచాడు. 1102లో చర్చి సభ మనుషుల్ని పశువుల్లా అమ్మకూడదని తీర్మానించింది. ఇంకో ఒకటి రెండు తరాల్లో బానిసత్వం దాదాపు పోయింది. దయతో మాత్రమే అనుకోకండి. బానిసకు ఏడాది పొడుగునా తిండి పెట్టాలి. అదే మనిషికి నాలుగెకరాలు, గుడిసె ఇచ్చి వారానికిన్ని రోజులు పని చెయ్యమంటే తిండి వాడే పండించుకుంటాడు. దొరలకు లెక్క కుదిరింది. అలా సోక్‌మన్ మనవడు, బానిస మనవడు ఒకే గడిలోకొచ్చి, ఒకే పొలంలో పక్కపక్కన వెట్టి చేశారు. సోక్‌మన్ మనవడికది పతనం. బానిస మనవడు ఏమనుకుని ఉంటాడు? రాజవంశం మారితే పల్లె బాగుపడిందా చెడిందా అని నన్నెవరైనా అడిగితే, ఏ ఇంటిముందు నిలబడి అడుగుతున్నారో చెప్పమంటాను.

ఉత్తరాన ఈ ప్రశ్నే లేదు. అక్కడ చెడింది, అంతే. యార్క్ ప్రాంతం మళ్లీమళ్లీ తిరగబడుతుంటే 1069-70 చలికాలంలో విలియం సైన్యాన్ని పల్లెలమీదికి వదిలాడు. ధాన్యం, నాగళ్లు, పశువులు, అన్నీ పోగేసి కాల్చారు. లక్షమంది ఆకలితో చచ్చారని ఆర్డరిక్ అనే సన్యాసి రాశాడు. తల్లి ఇంగ్లీషు, తండ్రి ఫ్రెంచివాడు, విలియంను మెచ్చుకునే మనిషే, ఈ పనికి మాత్రం దేవుడు క్షమించడన్నాడు. ఆ లక్షను చరిత్రకారులు అక్షరాలా తీసుకోరు. కానీ దక్షిణాన ఎంతో దూరంలో ఉన్న ఈవ్‌షమ్ మఠం చరిత్రలో ఇంకో చిన్న అంకె ఉంది. ఉత్తరం నుంచి నడిచొచ్చినవాళ్లు అక్కడ దారుల్లో, చర్చి ముంగిట పడి ఉండేవారట. మఠాధిపతి తిండి పెట్టించినా, కడుపు మాడి మాడి ఉన్న ఆ మనుషులు రోజుకు ఐదుగురో ఆరుగురో చనిపోతుంటే పూడ్చేవారట. లక్ష కంటే నన్ను ఆ ఐదారే ఎక్కువ బాధపెడతాయి. పదహారేళ్ల తర్వాత డూమ్స్‌డే గుమాస్తాలు యార్క్‌షైర్‌లో ఊరి తర్వాత ఊరికి ఒకే మాట రాసుకుంటూ పోయారు: వాస్తా. బంజరు.

కోటలు, చర్చిల సంగతి త్వరగా దాటేస్తాను, అవి ఎక్కువగా పట్నం గొడవలు. లింకన్‌లో కోట కోసం 166 ఇళ్లు, కేంబ్రిడ్జ్‌లో 27 ఇళ్లు పోయాయి. పల్లెకు తగిలింది అడవి.

అక్కడి ఫారెస్ట్ అనే మాటకు అర్థం చెట్లు కాదండి, చట్టం. రాజు వేట కోసం మామూలు చట్టం పనిచేయని ప్రాంతమని గీత గీస్తారు. ఆ గీతలో ఊళ్లు, పొలాలు కూడా ఉండొచ్చు. విలియంకు వేట పిచ్చి. హాంప్‌షైర్‌లో న్యూ ఫారెస్ట్ ఆయన పెట్టిందే. అరవైకి పైగా ఊళ్ల చర్చిలు లేపేశాడని ఆర్డరిక్ రాశాడు గానీ అది అతిశయం, ఆ ఇసకనేలల్లో అన్ని ఊళ్లకు తిండే పుట్టదు. కొన్ని ఊళ్లు ఖాళీ అయినమాట నిజం. జింకను చంపితే కళ్లు పీకేవారు. ఇందాకటి సిగ్గుపడ్డ సన్యాసి మఠంలోని చరిత్రలోనే, విలియం చనిపోయినప్పుడు రాసిన పద్యముంది. జింకలకు తండ్రైనట్టు వాటిని ప్రేమించాడు అని. దెప్పిపొడుపు అంటే ఇదీ.

రైతు బాధేమిటంటే, ఆ జింక రాత్రిపూట వచ్చి పైరు మేస్తుంది. కంచె ఎత్తుగా కట్టుకోవడానికి లేదు. కుక్కను పెంచుకోవచ్చు, కానీ అది జింకను తరమకుండా ముందుకాలి గోళ్లు మూడు నరికేయాలి. నరికారో లేదో చూడటానికి తనిఖీదారులు తిరిగేవారు. న్యూ ఫారెస్ట్‌లోనే విలియం కొడుకులిద్దరు చనిపోయారు. ఒకడు రిచర్డ్, రెండోవాడు తండ్రి తర్వాత రాజైన రూఫస్. 1100 ఆగస్టు 2న వేటలో తమవాడి బాణమే తగిలింది. ఊళ్లవాళ్లు ఇది ఉసురు తగలడమే అనుకున్నారు. జింకను చంపినందుకు ప్రాణం గానీ, కాళ్లూ చేతులూ గానీ తీయకూడదని 1217లో అటవీ శాసనం వచ్చేదాకా ఆ భయం పోలేదు.

ఇప్పుడు మీ ముందొక శవాన్ని పెడతాను, ఏమనుకోవద్దు. ఊరి బయట తుప్పల్లో పొద్దున్నే ఒక శవం కనిపించింది. ఎవరు చంపారో తెలీదు. పాతరోజుల్లో అయితే బంధువులెవరు, పగలెవరికి అని చూస్తారు. ఇప్పుడు ముందు తేల్చాల్సింది ఇతను నార్మనా, ఇంగ్లీషా అని. నార్మన్ అయి, హంతకుణ్ని పట్టివ్వలేకపోతే హండ్రెడ్ మొత్తానికి జరిమానా. హండ్రెడ్ అంటే మన ఫిర్కాలాగా కొన్ని ఊళ్ల కట్ట. చట్టంలో రాసిన మొత్తం 46 మార్కులు, అంటే 30 పౌండ్ల పైచిలుకు. క్రోహర్స్ట్ ఊరంతా కలిపితే ఏడాదికి 5 పౌండ్లని చెప్పుకున్నాం, గుర్తుందిగా.

జరిమానా తప్పించుకోవాలంటే శవం ఇంగ్లీషువాడిదేనని నిరూపించాలి. చచ్చినవాడి చుట్టాలొచ్చి, వీడు మావాడే, మా రక్తమే అని ప్రమాణం చేయాలి. దారినపోయే బైరాగి అయితే చుట్టాలెక్కడినుంచి వస్తారు? నిరూపించలేకపోతే నార్మన్ కిందే లెక్క. నలుగురు కలిసి శవాన్ని రాత్రికి రాత్రి పొరుగు హండ్రెడ్ సరిహద్దు దాటించాలని ఎవరికైనా అనిపిస్తుంది కదా. ఈ జరిమానా పేరు ముర్‌డ్రుమ్. ఇంగ్లీషులో మర్డర్ ఆ కుటుంబం మాటే. పోనుపోను పెళ్లిళ్లు కలిశాయి. 1170ల్లో ఖజానా అధికారి ఒకాయన, స్వతంత్రుల్లో ఎవడు నార్మనో ఎవడు ఇంగ్లీషో ఇప్పుడు చెప్పలేమని రాశాడు. జరిమానా మాత్రం ఆగలేదు, డబ్బొస్తోంది కదా. శవం ఇంగ్లీషుదని నిరూపించే పద్ధతి రద్దయింది 1340లో. తేడా మాయమయ్యాక ఇంకో నూటయాభై ఏళ్లకు.

పెళ్లిళ్లన్నాను కాబట్టి డూమ్స్‌డేలో ఒక చిన్న ముచ్చట. నార్‌ఫక్‌లో పికెన్‌హమ్ అనే చోట, వీహెనాక్ అనే బ్రెటన్ దొర (నార్మండీ పక్కనున్న బ్రిటనీవాడు) దగ్గరి మనిషి ఒకడు ఆ భూమి మీద ఉన్న ఒకామెను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు, తర్వాత ఆ భూమి అతనిదైంది. అంతే రాసి ఉంది. ప్రేమేనా, భూమికోసమా? గుమాస్తా "ప్రేమించాడు" అనే రాశాడు. ఉండనిద్దాం.

పేర్లు ఎలా మారాయో చూడండి. 1066కు ముందు ఊళ్లో గాడ్విన్, వుల్ఫ్‌రిక్, లియోఫ్‌విన్ లాంటి పేర్లు. ఉత్తరాన వైకింగుల పేర్లు. పన్నెండో శతాబ్దం మొదట్లో, విట్బీ అనే రేవూళ్లో ఒక పిల్లాడికి తోస్టి అని పేరు పెట్టారు. ఒకప్పుడు పెద్దింటి పేరే, హెరాల్డ్ తమ్ముడి పేరు. తోటి పిల్లలు ఎగతాళి చేశారు. ఏడ్చి గోలపెట్టాడో ఏమో, పేరు మార్చారు. ఏమని? విలియం. పెద్దయ్యాక సన్యాసం తీసుకుని బార్తలోమ్యూ అయ్యాడు, ఫార్న్ దీవిలో ఒంటరిగా తపస్సు చేశాడు. అందుకే ఈ కథ మనదాకా వచ్చింది. రాజు ఆజ్ఞతో పేర్లు మారలేదు. ఆటస్థలంలో మారాయి. ఇంకో మూడు నాలుగు తరాలకు పొలాల్లో అందరూ విలియంలు, రాబర్ట్‌లు, రిచర్డ్‌లే.

పొలం మాటలు మాత్రం మారలేదు. మీరెవరైనా "వాడు ఎకరం నేల కోసం కోర్టుకెక్కాడు" అంటే, ఆ వాక్యంలో 1066 మొత్తం ఉంది. కోర్టు వచ్చింది నార్మన్ల ఫ్రెంచి నుంచి. జడ్జి, జ్యూరీ, జైలు, రెంటు కూడా అంతే. ఎకరం మాత్రం పాత ఇంగ్లీషు రైతుది. ఒక నాగలి ఒక రోజులో దున్నే నేల. మన పెద్దవాళ్లు ఊరు రెండు ఫర్లాంగులుంటుంది అనేవారే, ఆ ఫర్లాంగు కూడా రైతుదే. ఎనిమిది ఎద్దుల నాగలి ఆగకుండా లాగే చాలు పొడవు, 220 గజాలు. అదే పొడవు, 22 గజాల వెడల్పు వేసుకుంటే 4840 చదరపు గజాలు, మన ఎకరం. ఏల్రిక్ దున్నిన కొలతతోనే ఇవాళ మన పాస్‌బుక్కులు రాస్తున్నారు.

(సభ నుంచి ఒకరు: ఆ డూమ్స్‌డే పుస్తకం వల్ల రైతులకెప్పుడైనా మేలు జరిగిందా అండి?)

మంచిదడిగారు, నేనే చెప్పకుండా దిగిపోయేవాణ్ని. మేలు జరుగుతుందని వాళ్లు అనుకున్నారు. ఎడ్వర్డ్ నాడు నేరుగా రాజుగారివైన ఊళ్లకు, అవి తర్వాత ఎవరి చేతికి పోయినా, కొన్ని రక్షణలు ఉండేవి. సంతల్లో సుంకం ఉండదు, దొర వెట్టి పెంచకూడదు. ఏ ఊరు అలాంటిదో తేల్చేది డూమ్స్‌డే బుక్కే. 1376, 77ల్లో దక్షిణ ఇంగ్లండులో కనీసం నలభై ఊళ్ల విలెయిన్‌లు చందాలు వేసుకున్నారు. ప్లేగు దెబ్బకు జనం తగ్గి కూలిరేట్లు పెరిగిన కాలం, వెట్టి చేయడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. ఆ చందా డబ్బుతో లాయర్లను పెట్టుకుని, మూడొందల ఏళ్లనాటి పుస్తకంలో తమ ఊరి ముక్కకు రాజముద్ర వేసిన నకలు తీయించుకున్నారు. చదవడం రాదు, అందులో ఉన్నది లాటిన్. ఆ నకలు చేతపట్టుకుని, మేం పని చెయ్యం అని కోతల వేళ పొలాల్లోంచి బయటికొచ్చారు.

దొరలు భయపడి 1377లో పార్లమెంటుకు మొరపెట్టుకున్నారు. ఆ నకళ్లు చెల్లవని, వాటిలో వెట్టి రద్దనే మాట ఎక్కడా లేదని తీర్పొచ్చింది. నిజంగానే లేదు. ఊరి పేరు, నాగళ్లెన్ని, మరలెన్ని, పందులెన్ని, అప్పటి విలువెంత, ఇప్పటి విలువెంత, అంతే ఉంది. నాలుగేళ్లకు, 1381లో, ముఖ్యంగా తూర్పు, ఆగ్నేయ జిల్లాల్లో రైతులు తిరగబడ్డారు. ఈసారి నకళ్లు తీయించలేదు. దొరల ఇళ్లలో ఉన్న వెట్టి రికార్డులన్నీ వాకిట్లో కుప్పపోసి కాల్చారు.

టైమైపోయిందంటున్నారు. కింద టీ పెట్టారట, మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి.